ఊరి పాత ఫోటోలు: మరకలు తీయడం దగ్గర్నుంచి రంగులు అద్దడం దాకా

గోదావరి గట్టు మీద తీసిన ఏ పాత ఫోటోనైనా రంగులద్దే యాప్‌లో పడేయండి, నీలం రంగు నది వస్తుంది. ఆషాఢంలో కొత్త నీరు దిగినప్పుడు గోదారి ఎలా ఉంటుందో రాజమండ్రిలో స్కూలు పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు: ఎర్రగా, చిక్కటి టీలా. యాప్‌కి ఆ సంగతి తెలీదు. అది ఎక్కడెక్కడివో లక్షల ఫోటోలు చూసి నీళ్ళంటే నీలం, చెట్లంటే పచ్చ, ఆడవాళ్ళ బట్టలంటే ఏదో ఒక మాసిన ఊదా అని నేర్చుకుంది.

కాబట్టి ఊరి చరిత్ర నలుగురికీ చూపించాలని పాత ఫోటోలు బాగుచేద్దామనుకునేవాళ్ళు మొదట్లోనే ఒక సంగతి ఒప్పేసుకోవాలి. నలుపు తెలుపు ఫోటోలో రంగు ఎక్కడా దాక్కుని లేదు. బయటినుంచి తేవాల్సిందే. ఎవర్ని అడిగి తెస్తారు అన్నదే అసలు పని, సాఫ్ట్‌వేర్ కూర్చుని నేర్చుకుంటే ఎవరికైనా వచ్చేస్తుంది.

ముందు ఫోటో పాడవకుండా చూడండి

మన ఇళ్ళలో పాత ఫోటోలు గుమ్మం పైన వాలుగా కట్టిన పటాల్లోనో, బీరువాలో పట్టుచీరల అడుగునో, ట్రంకు పెట్టెలో పాత శుభలేఖల మధ్యో దొరుకుతాయి. వీటిలో పటాలతోనే టెన్షన్. చెమ్మ గోడకి ఏళ్ళ తరబడి వేలాడిన పటంలో ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని లాగొద్దు. లాగితే మొహం అద్దం మీద ఉండిపోతుంది, ఉత్త కాగితం మీ చేతికొస్తుంది. అద్దంతో సహా కెమెరాతో తీసేయండి, అంతే. అద్దం మీద పసుపు కుంకుమ బొట్లు ఉంటే ఇంటివాళ్ళని అడిగాకే తుడవండి. దండ వేసిన పటమైతే వాళ్ళనే దించి ఇవ్వమనండి, మీరు స్టూలెక్కి దించేయకండి.

దుమ్ము దులపడానికి మెత్తటి పొడి బ్రష్ చాలు. తడిగుడ్డ, స్పిరిటు, అద్దాలు తుడిచే లిక్విడ్, ఏవీ ఫోటో కాగితానికి తగలకూడదు. బూజు పట్టినవి ఆరుబయట, ముక్కుకి మాస్క్ పెట్టుకుని దులపండి. ప్లాస్టిక్ షీటు కింద గమ్ము గీతల మీద ఫోటోలు అంటించే ఆల్బమ్‌లు వచ్చాయి చూడండి, అవి ఫోటోలకి శత్రువులు. అందులోంచి ఊడిరాకపోతే పేజీని పేజీగానే స్కాన్ చేయండి.

ఇంకోటి, వెనకవైపు కూడా తీయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. స్టూడియో స్టాంపు, పెన్సిల్‌తో రాసిన నంబరు, తాతగారు సిరాతో రాసిన రెండు ముక్కలు, అన్నీ అక్కడే ఉంటాయి. ఫోటో ముందువైపు బాగుచేయడానికి నెల పట్టినా ఫరవాలేదు గానీ వెనక ఉన్న ఆ రాతని మాత్రం చెదలు తినకముందే పట్టుకోవాలి.

స్కానింగ్

ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే అదే మంచిది. మామూలు ఆరు నాలుగు సైజు ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) సరిపోతుంది, 3600 బై 2400 పిక్సెళ్ళు వస్తాయి. ఆగ్ఫా క్లిక్ లాంటి డబ్బా కెమెరాలతో తీసిన చిన్న చదరం ఫోటోలు, పాస్‌పోర్ట్ ఫోటోలు అయితే 1200 పెట్టండి. గ్రూప్ ఫోటోలకి కూడా అంతే, ఎందుకో ఒక లెక్క చూడండి. స్కూలు గ్రూప్ ఫోటోలో ఒక్కో మొహం అర సెంటీమీటరు ఉంటుంది. 600లో స్కాన్ చేస్తే ఆ మొహానికి దక్కేది సుమారు 120 పిక్సెళ్ళు, 1200లో 240 దాకా. "మూడో వరసలో చివర ఉన్నది మా నాన్నే" అని ఎవరైనా గుర్తుపట్టేది ఆ పిక్సెళ్ళలోంచే. ఫైలు టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫార్మాట్) దాచండి, జేపెగ్‌లు తర్వాత ఎన్నయినా చేసుకోవచ్చు.

ఫోటో నలుపు తెలుపైనా సరే, స్కాన్ మాత్రం రంగుల్లోనే చేయాలి. ఇది వింతగా అనిపిస్తుంది గానీ దీనికి కారణం ఉంది. పాత ప్రింట్ల మీద ఉండే పసుపు మరక, టీ మరక, గోధుమ రంగు చుక్కలు నీలం కాంతిని మింగేస్తాయి, ఎర్ర కాంతిని దాదాపు అలాగే వదిలేస్తాయి. రంగుల్లో స్కాన్ చేసి గింప్, ఫోటోషాప్ లాంటి ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఛానెల్స్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు) విడదీసి చూడండి. బ్లూ ఛానెల్‌లో మరక నల్లగా కళ్ళకి కొట్టినట్టు ఉంటుంది, రెడ్ ఛానెల్‌లో అదే మరక చాలావరకు మాయమైపోయి ఉంటుంది. ఆ రెడ్ ఛానెల్‌ని తీసుకుని పని మొదలుపెడితే గంటల కొద్దీ చేసే క్లోనింగ్ (పక్క భాగాన్ని కాపీ చేసి మరక మీద అతికించడం) తప్పుతుంది. గ్రేస్కేల్‌లో స్కాన్ చేసినవాళ్ళకి ఈ అవకాశం ఉండదు.

కొన్ని ఫోటోల్లో నల్లటి చోట్ల వెండి పూత పూసినట్టు నీలంగా మెరుస్తుంటుంది. అది నిజంగా వెండే, కాగితంలోని వెండి పైకి తేలింది. స్కానర్‌లో అది పాలపొరలా పడుతుంది, అలాంటివి కెమెరాతో తీయాలి. ఫోన్‌తో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేసి, ఫోటోని వసారాలో ఎండ సూటిగా పడని చోట బల్ల మీద పడుకోబెట్టి, ఫోన్‌ని సరిగ్గా సమాంతరంగా పట్టుకుని, దగ్గరికి వెళ్ళకుండా కొంచెం పైనుంచి రెండింతలు జూమ్ చేసి తీయండి. బాగా దగ్గరికెళ్తే అంచులు వంగుతాయి. అద్దం ఉన్న పటమైతే మీ నీడ, ఫోన్ నీడ అందులో కనిపిస్తాయి. ఒక నల్ల దుప్పటి మీ వెనక పట్టుకోమని ఎవరికైనా చెప్పండి.

మరమ్మతు: ఎక్కడ ఆగాలో తెలియాలి

గింప్, క్రిటా ఉచితం. ఫోటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, అదీ ఉచితమే. అసలు స్కాన్‌ని అడుగు లేయర్‌గా (పొరగా) ఉంచి తాళం వేసేయండి, పనంతా పై లేయర్లలోనే. ముందు లెవెల్స్, అంటే నలుపు తెలుపుల తేడా, సరిచేయండి. సగం ఫోటోలకి ఇదొక్కటే చాలు, వెలిసిపోయిందనుకున్న బొమ్మ లేచి కూర్చుంటుంది. తర్వాత హీలింగ్ టూల్‌తో (పక్క భాగాన్ని చూసి మచ్చని అందులో కలిపేసేది) చుక్కలు, గీతలు. ఆకాశం, గోడ, నేల ఎంతైనా దిద్దుకోండి. మొహం మీద గీత ఉంటే చిన్న బ్రష్‌తో గీత వరకే దిద్దండి, చర్మం నున్నగా చేయొద్దు. మశూచి మచ్చలున్న మనిషికి మచ్చలు ఉండాలి. అవి ఆ కాలపు గుర్తు.

ఇక ఏఐతో మొహాలు బాగుచేసే టూల్స్. జీఎఫ్‌పీగ్యాన్ లాంటివి మసక మొహానికి స్పష్టమైన కళ్ళు, పళ్ళు ఇస్తాయి, కానీ అవి మీ తాతమ్మ కళ్ళు కావు, వేలమంది కళ్ళు కలిపి అది ఊహించినవి. చూడగానే ముచ్చటేస్తుంది. ఆవిడని ఎరిగున్నవాళ్ళకి చూపిస్తే "ఎవరే ఇది?" అంటారు. మాటల్లో చెప్తే బొమ్మ తయారుచేసిపెట్టే కొత్త టూల్స్ ఇంకో అడుగు ముందుకేసి ఫోటో మొత్తాన్ని మళ్ళీ గీసేస్తాయి. పరీక్ష కావాలంటే ఫోటోలో ఉన్న తెలుగు బోర్డు చూడండి. అక్షరాలు వంకర్లు పోయి ఏ భాషా కాకుండా అయిపోయాయంటే మొహాలకి కూడా అదే గతి పట్టిందని అర్థం. చరిత్ర కోసం చేసే ఫోటోలో మసక మొహం మసగ్గానే ఉండనివ్వండి.

1970లు, 80ల నాటి రంగుల ప్రింట్లు వేరే కథ. అవి ఇప్పుడు ఎర్రగానో గులాబీ రంగులోనో కనిపిస్తాయి, ఎందుకంటే ప్రింటులోని మూడు రంగుల్లో సయాన్ (నీలి ఆకుపచ్చ) ముందు వెలిసిపోయింది. లెవెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదాన్ని విడిగా సరిచేస్తే చాలావరకు వెనక్కి వస్తుంది. వీటికి రంగులు కొత్తగా అద్దాల్సిన పనిలేదు.

రంగు అద్దేముందు ఏ ఏడాదిదో తేల్చుకోండి

తేదీ తెలిస్తే సగం రంగులు వాటంతటవే తేలతాయి. రాజమండ్రి దగ్గర గోదావరి ఫోటోలకి ఇది చాలా సుళువు. నది మీద హేవలాక్ బ్రిడ్జి ఒక్కటే కనిపిస్తే అది 1900కీ 1970ల మొదటికీ మధ్యది. రోడ్ కం రైలు బ్రిడ్జి కూడా పూర్తయి కనిపిస్తే 1974 లేదా ఆ తర్వాత. ఆర్చి బ్రిడ్జి విల్లులన్నీ లేచి ఉంటే 1990ల నాటిదో, ఆ తర్వాతదో. అయితే ఫోటో ఏ వైపు తిరిగి తీశారో ముందు చూసుకోవాలి, వంతెన చట్రంలో పడలేదంటే అసలు లేదని కాదు.

మిగతా ఊళ్ళకీ ఇలాంటి ఆనవాళ్ళు ఉంటాయి. కొట్టు బోర్డు మీద ధర అణాల్లో ఉందా, నయా పైసల్లోనా? నయా పైసలు 1957లో వచ్చాయి, 1964లో "నయా" పోయింది. బోర్డు మీద విజయనగరం జిల్లా అని ఉంటే 1979కి ముందు కాదు. కారు నంబరు ఏపీ 16 అనో ఏపీ 7 అనో జిల్లా అంకెతో ఉంటే 1989 ముందుది కాదు. గోడ మీద సినిమా పోస్టరు ఉంటే ఇక చెప్పేదేముంది, ఊళ్ళో ఎవరో ఒకరు రిలీజ్ తేదీతో సహా చెప్పేస్తారు.

నలుపు కనిపిస్తే నలుపు కాదు

ఈ సంగతి తెలియకుండా ఎవరూ రంగులు అద్దకూడదని నా అభిప్రాయం. కెమెరాల్లో ఫిల్ముకి బదులు వాడిన పాత గాజు పలకలకీ, తర్వాత వచ్చిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకీ ఎరుపు కనిపించదు. ఎర్రటిది ఏదైనా వాటిలో నల్లగా పడుతుంది. నీలం మాత్రం తెల్లబడిపోతుంది. పాత ఫోటోల్లో ఆకాశం సున్నం కొట్టినట్టు ఉండేది అందుకే. మరీ పాత పలకల్లో పసుపు రంగు కూడా ముదురుగా దిగుతుంది. అన్ని రంగుల్నీ పట్టుకునే పాంక్రోమాటిక్ ఫిల్ము వాడకంలో స్థిరపడింది తర్వాత్తర్వాతే.

ఒక పాత పెళ్ళి ఫోటో తీసుకుందాం. పక్కన నిలబడ్డ పిన్ని గారి చీర కాటుక నలుపు. యాప్ దాన్ని నల్లగానో, ముదురు నీలంగానో వేస్తుంది. కానీ మనవాళ్ళు పెళ్ళికి నల్ల చీర కట్టుకుని వస్తారా? నుదుటి మీద కుంకుమ బొట్టు చూడండి, అదీ అంతే నల్లగా ఉందా? ఉంటే ఆ ఫిల్ముకి ఎరుపు కనిపించలేదన్నమాట, చీర ఎరుపో, మెరూనో అయి ఉండే అవకాశమే ఎక్కువ. బొట్టు బూడిద రంగులో ఉండి చీర మాత్రం నల్లగా ఉంటే అప్పుడు ముదురు ఆకుపచ్చ, నేరేడు రంగు లాంటివి ఆలోచించాలి. ఇలా ఫోటోలో రంగు కచ్చితంగా తెలిసిన వస్తువుని ఒకదాన్ని పట్టుకుని మిగతావాటిని దానితో పోల్చుకుంటూ పోవాలి. కుంకుమ, గుడి గోడ మీద జాజు పట్టీ, పోస్టు డబ్బా, ఇవన్నీ ఎరుపుకి కొలబద్దలే.

తెలుపు ఇంకా జాగ్రత్త. పీటల మీద పెళ్ళికూతురు తెల్ల చీరలో ఉంటే అది మధుపర్కం, అంచు ఏ రంగో అడిగి వేయాలి. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ తెల్ల చీరలో ఉంటే అది వైధవ్యం కావచ్చు. యాప్ ఆవిడకి గులాబీ చీర కట్టి, నుదుట ఉన్న మచ్చని బొట్టు అనుకుని ఎర్రగా దిద్దేస్తుంది. మీరు దాన్ని అలాగే ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆవిడ మనవలు ఊరుకోరు, ఊరుకోకపోవడమే న్యాయం.

ఎవర్ని, ఎలా అడగాలి

పెద్దవాళ్ళకి ముందు నలుపు తెలుపు ప్రింటే చూపించండి, పెద్ద సైజులో, పేపరు మీద. ఫోన్‌లో చూపిస్తే వాళ్ళు మొహమాటానికి "బాగుంది నాయనా" అనేసి ఇచ్చేస్తారు. రంగులు వేసింది ముందే చూపిస్తే మరీ ప్రమాదం: ఆకుపచ్చ చీర చూశాక "ఆఁ, ఆకుపచ్చే" అంటారు, ఆ తర్వాత వాళ్ళకి ఇంకో రంగు గుర్తుకురాదు. "ఇదేం రంగు?" అని సూటిగా కూడా అడక్కండి. "అత్తయ్యా, ఈ చీర ఎక్కడ కొన్నారు?" అని మొదలుపెట్టండి. గద్వాలదనో, వెంకటగిరిదనో, పండక్కి మావయ్య తెచ్చిందనో మాట మొదలవుతుంది, రంగు దానంతటదే వస్తుంది, మీరు అడగనివి పది వస్తాయి. ఒక్కోసారి ఆ చీరే బీరువాలోంచి దిగుతుంది. దిగితే అక్కడికక్కడే పగటి వెలుతురులో ఫోటో తీసుకోండి, మడతల లోపలివైపు తీయండి, అక్కడ రంగు వెలిసి ఉండదు. ఇద్దరు రెండు రంగులు చెప్తే రెండూ రాసుకోండి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది కూడా.

ఇళ్ళ విషయంలో గోడల్నే అడగొచ్చు. పాత ఇంటి గోడకి పెచ్చు ఊడిన చోట పొరలు పొరలుగా సున్నాలు కనిపిస్తాయి, అడుగున నీలిమందు కలిపిన సున్నం, దాని మీద పసుపు, ఆపైన డిస్టెంపర్. పెచ్చు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫోటో తీసుకుంటే తర్వాత రంగు సరిచూసుకోవచ్చు.

అద్దడం

గ్రేస్కేల్ బొమ్మ పైన కొత్త లేయర్, దాని మోడ్ "కలర్". ఆ మోడ్‌లో మీరు ఏం పూసినా వెలుగునీడలు కిందివే ఉంటాయి, రంగు ఒక్కటే చేరుతుంది. ఒక్కో వస్తువుకి ఒక్కో లేయర్, ఒక్కో మాస్క్ (రంగు ఎంతవరకు పడాలో హద్దు గీసేది): చర్మం, చీర, అంచు, పంచె, గోడ, నేల. లేయర్లకి పేర్లు పెట్టుకోండి, లేకపోతే రేపు "చీర మెరూన్ కాదు, వంకాయ రంగు" అని ఫోను వస్తే ఎక్కడ మార్చాలో తెలీదు. రంగు గాఢత మీకు సరిపోయిందనిపించిన దానికంటే కొంచెం తగ్గించండి. పంచె తెలుపే కదా అని వదిలేస్తే పక్కన రంగులు పడ్డాక అది బూడిదగా కనిపిస్తుంది, కాస్త పసుపు చాయ వేయండి.

చర్మం దగ్గరే అందరూ దొరికిపోతారు. ఒకే గోధుమ రంగు మొహమంతా పూస్తే బొమ్మల కొలువులో బొమ్మ అవుతుంది. నుదురు కొంచెం పసుపు వైపు, బుగ్గలు, ముక్కు, చెవులు కొంచెం ఎరుపు వైపు, గడ్డం గీసిన చోట కొంచెం చల్లగా, ఇలా మూడు నాలుగు చాయలు ఉండాలి. ఆ మనిషి కొడుకో, మనవరాలో ఉంటే అలాంటి వెలుతురులోనే వాళ్ళ ఫోటో తీసి చాయ అందులోంచి తీసుకోండి. యాప్‌లు మనవాళ్ళని ఒక చాయ తెల్లబరుస్తాయి, అది అలాగే వదిలేయొద్దు. చామనఛాయ మనిషి చామనఛాయగానే ఉండాలి.

ఏఐ అసలు వాడొద్దని నేను అనను. రంగులద్దే డీఓల్డిఫై లాంటి దానితోనో ఫోటోషాప్‌లో ఉన్న కలరైజ్ ఫిల్టర్‌తోనో ఒక వెర్షన్ తీసుకుని, దాన్ని మీ స్కాన్ పైన లేయర్‌గా పెట్టి, మోడ్ "కలర్"కి మార్చండి. అప్పుడు దాని రంగు మాత్రమే వస్తుంది, గీతలు, మొహాలు మీ స్కాన్‌వే ఉంటాయి. చెట్లు, మట్టి, ఆకాశం లాంటివి దానికి వదిలేసి, ఊళ్ళో అడిగి తెలుసుకున్నవి మీ చేత్తో దాని మీద వేయండి. నదిని మాత్రం నెల చూసి వేయండి: ఇసుక తిన్నెలు తేలి ఉంటే వేసవి, గట్లు నిండి ఉంటే వరద.

పాత స్టూడియోల్లో చేత్తో రంగులద్దిన ఫోటోలు కూడా దొరుకుతాయి, పెదాలకి ఎరుపు, నగలకి పసుపు అద్దినవి. వాటి రంగులు తీసేసి మళ్ళీ వేయకండి. అది ఒక టచింగ్ ఆర్టిస్టు పని, దాన్ని దానిలాగే దాచాలి.

నలుగురికీ పంపేముందు

హక్కుల విషయం క్లుప్తంగా. మన దేశంలో 1958కి ముందు తీసిన ఫోటోలకి కాపీరైటు తీసిన యాభై ఏళ్ళకే ముగిసిపోయింది. 2012 సవరణ తర్వాత లెక్క ఫోటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులు. చట్టం ఒప్పుకున్నా ఇంటివాళ్ళ అనుమతి వేరే తీసుకోండి, ముఖ్యంగా శవం దగ్గర తీసిన ఫోటోలకి, తలగుండు చేయించిన వితంతువుల ఫోటోలకి. కూలీ పనుల్లో ఉన్నవాళ్ళ ఫోటోలైతే వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి అడగండి, దొరగారి ఇంట్లో ఆల్బమ్ ఉన్నంత మాత్రాన అనుమతి అక్కడితో సరిపోదు. పేర్లు రాసేటప్పుడు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళవి మాత్రమే రాసి, వెనక నిలబడ్డవాళ్ళని "తదితరులు" చేయకండి.

పెట్టేటప్పుడు నలుపు తెలుపుదీ రంగులదీ పక్కపక్కనే పెట్టండి. "రంగులు తర్వాత అద్దినవి" అని బొమ్మ మీదే ఒక మూల చిన్నగా రాయండి, కింద క్యాప్షన్‌లో రాస్తే ఫార్వర్డ్ అయ్యేసరికి ఊడిపోతుంది. ఏ రంగు ఎవరో చెప్పి వేసింది, ఏది మీ ఊహ అన్నదీ ఒక లైను రాయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. కాపీరైటు తీరినవి వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీలో వాడుకోవచ్చు; అక్కడ ముట్టుకోని స్కాన్ ఒక ఫైలుగా, రంగులది ఇంకో ఫైలుగా ఎక్కించాలి.

అంతా అయ్యాక గోడకి కట్టించడానికి ఇంటివాళ్ళకి కొత్త ప్రింటు ఇవ్వండి. అసలు ఫోటోని మళ్ళీ ఆ చెమ్మ గోడకి ఎక్కించొద్దని చెప్పి, ఆమ్లం లేని (యాసిడ్-ఫ్రీ) కాగితం కవరులో పెట్టి, ప్లాస్టిక్ వద్దు, బీరువా మధ్య అరలో పెట్టించి రండి. అటక మీద మాత్రం పెట్టనివ్వకండి.